యాత్రికుని ఇటాలియను మాటలు: తెలుగు లిపి చేయగల సాహాయ్యము

కొలది దినములకై పరదేశమునకు వెళ్ళువారు ఆ దేశభాషలో నేర్చుకొనదగిన వాక్యములు ముప్పది నలువదికి మించవు. పలుకరించుట, దారి అడుగుట, వెల అడుగుట, ఆహారము కోరుట, అర్థము కాలేదని చెప్పుట, ఆపదలో సాయము కోరుట: ఈ ఆరు పనులు నెరవేరినచో యాత్ర సాగును. ఇటలీకి వెళ్ళు భారతీయులు ఈ కొద్దిపాటి వాక్యములను సాధారణముగా ఆంగ్లమున అచ్చయిన సంభాషణ పుస్తకముల నుండి నేర్చుకొందురు. అందు ఇటాలియను ఉచ్చారణ ఆంగ్లేయుని నోటికి అనువుగా ఆంగ్లాక్షరములతో సూచింపబడియుండును. తెలుగువాడు దానిని చదివి, ఆంగ్లము మీదుగా ఇటాలియనును చేరవలసివచ్చును. పొరుగూరికి పోవలసినవాడు పట్టణము చుట్టి వచ్చినట్లుండును ఈ పద్ధతి. మన లిపియు మన వ్యాకరణమును ఈ వాక్యములకు ఆంగ్లముకంటె దగ్గరి దారి చూపగలవనియు, ఆ దారిలో మన భాషయే మనకు అడ్డుపడు తావులు కొన్ని కలవనియు నిరూపించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇది విహారయాత్రికుల వేడుకకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. ఉత్తర ఇటలీలోని పో నదీమైదానపు పాడిశాలలలోను, రోమునకు దక్షిణముననున్న లాతీన మండలపు పొలములలోను పంజాబీలు పెక్కుమంది పనిచేయుచున్నారు. మొన్ఫల్కోనె ఓడల నిర్మాణశాలలో బంగ్లాదేశీయులు అధికముగా కలరు. తెలుగు విద్యార్థులును అచటి విశ్వవిద్యాలయములలో చేరుచున్నారు. 2023 నవంబరులో భారత ఇటలీ ప్రభుత్వముల నడుమ వలసలకు సంబంధించిన ఒప్పందము కుదిరినది. దీర్ఘకాల నివాసమునకు వెళ్ళినవారు దేశమున అడుగిడిన ఎనిమిది పనిదినములలో నివాసానుమతి పత్రమునకు దరఖాస్తు చేసికొనవలెను. దీర్ఘకాలిక నివాసపత్రము కోరువారికి 2010 నుండి భాషాపరీక్ష విధింపబడినది. కావున పొలములో కూలికి నిలిచినవానికి 'నాకు అర్థము కాలేదు' అను ఒక్క వాక్యము, తెలియని కాగితముమీద వ్రేలిముద్రపడకుండ కాపాడు వాక్యము కావచ్చును.

తెలుగును 'ప్రాచ్య ఇటాలియను' అనుట చిరకాలముగా మనకు అలవాటు. 15వ శతాబ్దిలో విజయనగరమును దర్శించిన వెనిస్ వర్తకుడు నికొలో దె కోంతి పేర ఈ మాట ప్రచారమున నున్నది. మాట ఎవరిదైనను, దానికి ఆధారముగా చూపబడునది ఒక్కటే: రెండు భాషల మాటలును అచ్చులతో ముగియుట. ఈ పోలిక ప్రశంసగా నిలిచినదేగాని, అభ్యాసమునకు సాధనముగా వాడబడుట అరుదు. దానిని పరీక్షించి చూచినచో పోలిక అచ్చుల దగ్గర ఆగదు. హల్లుల ద్విత్వములోను సంధిలోను అంతకంటె లోతుగా కనిపించును.

1. వ్రాయు పద్ధతి

ఇటాలియను వ్రాతకును పలుకునకును దూరము స్వల్పము. 14వ శతాబ్దపు ఫ్లోరెన్సు నగర భాషను, దాంతె, పెత్రార్క, బొక్కాచొల రచనల ఆధారమున, సాహిత్యభాషగా స్థిరపరచిరి. 1583లో ఏర్పడిన క్రూస్క పరిషత్తు 1612లో వెలువరించిన నిఘంటువు ఈ స్థిరత్వమును బలపరచినది. దేశము ఏకమైన 1861 నాటికి ఈ భాషను మాటలాడగలవారు నూటికి రెండున్నరమంది అని తుల్లియొ దె మౌరొ అంచనా; పదిమంది వరకు ఉందురని కస్తెల్లాని అంచనా. విద్యయు, సైనికసేవయు, 1954లో ప్రారంభమైన టెలివిజనును ఆ పుస్తకభాషను ఇంటింటికి చేర్చినవి. పుస్తకమునుండి నోటికి వచ్చిన భాష గనుక అక్షరమును చూచి పలుకుట అందు సులభము. అందువలననే మరియొక లిపిలోనికి మార్చుటయు సులభము.

తెలుగులో వ్రాయుటకు నాలుగు నియమములు చాలును. మొదటిది: అక్షరాంతమున అచ్చు ఉండి దానిమీద ఊనిక పడినపుడు ఇటాలియనులో ఆ అచ్చు సాగును, దానిని దీర్ఘముగా వ్రాయవలెను. రెండవది: పదము చివరి అచ్చును హ్రస్వముగనే వ్రాయవలెను. అచ్చటనే ఊనిక పడినచో పక్కన ఒక గుర్తు నుంచవలెను: 'కఫ్ఫె’' (కాఫీ), 'చిత్త’' (పట్టణము). మూడవది: జంటహల్లును జంటగనే వ్రాయవలెను. నాలుగవది: పూర్వపు నిఘంటువులలో కనబడు దంత్య ౘ, ౙ లను మరల వాడుకొనవలెను. వీని ప్రయోజనము ముందు చెప్పబడును.

మొదటి నియమమునకు మన లిపి ఎంత అనువైనదో ఒక ఉదాహరణము చాలును. 'అంకోర' అనగా 'ఇంకను'; 'అంకొర' అనగా ఓడ లంగరు. ఇటాలియనువారు రెండింటిని ఒకే అక్షరములతో వ్రాయుదురు. భేదము ఊనికలోనే కలదు. తెలుగు వ్రాతలో అది కంటికి కనబడును. హిందీ వ్రాయు దేవనాగరిలో హ్రస్వ ఎకార ఒకారములకు వాడుకలో అక్షరములు లేవు. తెలుగునకు కలవు. తమిళలిపిలో ఎ, ఏ లకును ఒ, ఓ లకును స్పష్టమైన భేదము కల్పించిన సంస్కరణము వీరమాముని పేర ప్రసిద్ధము. ఆ వీరమాముని 1680లో ఇటలీలో జన్మించిన బెస్కి అను క్రైస్తవసన్న్యాసి. ఒక ఇటాలియనువాని పేరిట మన పొరుగుభాషలో ప్రసిద్ధమైన ఈ వివేకమే నేడు ఇటాలియను నేర్చుకొనువారికి ఉపకరించుట గమనింపదగినది.

చివరి అచ్చు విషయమున మనవారికి రెండు దోషములు వచ్చును. తెలుగుమాటలు హ్రస్వ ఒకారముతో ముగియుట అరుదు గనుక 'ప్రేగొ'ను 'ప్రేగో' అని లాగుదురు. రెండవది, హల్లుతో ముగియు అన్యభాషాపదములకు ఉకారము చేర్చు అలవాటు. బస్సు, కారు అన్న నోటికి ఇటాలియనులోని 'పెర్' (కొరకు), 'నొన్' (కాదు) అను కొద్దిపాటి హలంతపదములు 'పెరు', 'నొను' అగును. అచ్చుతో ముగియుట రెండు భాషలకు సామాన్యగుణమేయైనను, లేనిచోట అచ్చు చేర్చుట మన గుణము మాత్రమే.

ఇక ట, డ ల మాట. ఆంగ్లము నుండి వచ్చిన పదములను మనము టికెట్టు, డాక్టరు అని మూర్ధన్యములతో స్వీకరించితిమి. ఇటాలియను త, ద లు దంత్యములు. మన త, ద లే. వైద్యుడు 'దొత్తోరె', రైలుటికెట్టు 'బిల్ల్యెత్తొ'. ఆంగ్లము మీదుగా పోవువాడు తన నోట సిద్ధముగానున్న తకారమును వదలి టకారమును పట్టుకొనును. క, త, ప లను ఊపిరి చేర్చక పలుకుటయు ఆంగ్లేయునకు శ్రమ, మనకు సహజము.

2. ద్విత్వము

'గుడి'కిని 'గుడ్డి'కిని, 'కల'కును 'కల్ల'కును గల భేదము తెలుగు బిడ్డకు ఎవరును నేర్పనక్కరలేదు. ఇటాలియనులో ఇట్టి జంటలు యాత్రికుని అడుగడుగున ఎదుర్కొనును. 'కాస' ఇల్లు, 'కస్స' సొమ్ము చెల్లించు స్థలము. అచటి కాఫీశాలలు పెక్కింటిలో ముందుగా కస్స వద్ద చెల్లించి, రసీదు చూపి కాఫీ పుచ్చుకొనవలెను. కాస ఎక్కడ అని అడిగినవానికి అడిగినదానికి తగిన జవాబే దొరకును. 'సేతె' దాహము, 'సెత్తె' ఏడు. 'నోనొ' తొమ్మిదవది, 'నొన్నొ' తాత. 'కపెల్లొ' వెండ్రుక, 'కప్పెల్లొ' టోపీ. 'అన్నొ' సంవత్సరము; వయస్సు చెప్పునపుడు ద్విత్వము జారి 'ఆనొ' అయినచో అది శరీరమున సభలో చెప్పరాని అవయవమునకు పేరగును. ఆంగ్లమున హల్లు రెండుమార్లు వ్రాయబడినను ఒక్కమారే పలుకబడును. అందుచే ఆంగ్లోచ్చారణ సూచికలలో ఈ భేదము తరచుగా నశించును. తెలుగువాడు తనకు పుట్టుకతో వచ్చిన వివేకమును అక్కడ పోగొట్టుకొనును.

ఈ ద్విత్వములు ఎక్కడనుండి వచ్చినవో తెలిసినచో జ్ఞాపకముంచుకొనుట సులభము. లాటినులోని 'సెప్తెం' ఇటాలియనులో 'సెత్తె' అయినది. 'ఒక్తొ' (ఎనిమిది) 'ఒత్తొ' అయినది. రాత్రివాచియైన 'నొక్తెం' 'నొత్తె' అయినది. సంస్కృతమునుండి ప్రాకృతము పుట్టిన త్రోవయే ఇది. సప్త శబ్దము సత్త అయినది, భక్తము భత్తమైనది, రక్తము రత్తమైనది. హాలుని 'సత్తసఈ' పేరు తెలిసినవాడు 'సెత్తె'ను మరచుట కష్టము. హిందీలో ఈ ద్విత్వము సడలి సాత్, ఆఠ్ అయినది. పంజాబీలో సత్త్, అట్ఠ్ అని నేటికిని నిలిచియున్నది. గురుముఖిలిపిలో ద్విత్వమును సూచించుటకు 'అద్దక్' అను ప్రత్యేక చిహ్నము కూడ కలదు. ఇటలీలోని భారతీయ శ్రామికులలో పంజాబీలు పెక్కుమంది గనుక ఈ సంగతికి పండితవినోదమునకు మించిన విలువ కలదు: ఆంగ్లము రాని పంజాబీ కర్షకుడు, ఆంగ్లము వచ్చిన పట్టణవాసికంటె 'సెత్తె'ను శుద్ధముగా పలుకగలడు.

3. దంత్యములు, తాలవ్యములు

ఇటాలియను అక్షరమాలలోని 'జెడ్' అక్షరమునకు రెండు ధ్వనులు: మన దంత్య ౘ, దంత్య ౙ. కృతజ్ఞత తెలుపు మాట 'గ్రౘ్ౘియె', కూడలి 'పియౘ్ౘ', రైలుస్టేషను 'స్తౘ్ౘియోనె', సున్న 'ౙేరొ', సగము 'మెౙ్ౙొ'. 'ౘలి', 'ౙొన్న' అనగలవానికి ఈ ధ్వనులు కొత్తవి కావు. కాని తెలుగులో ఇ, ఎ ల ముందు దంత్యము రాదు. 'చిలుక', 'చెవి' అన్నపుడు తాలవ్యమే పలుకుదుము. అందుచేత 'గ్రౘ్ౘియె' మన నోట 'గ్రచ్చియె' అగును. యాత్రికుడు దినమునకు ఇరువదిమార్లు పలుకవలసిన మాటలోనే ఈ చిక్కు ఉన్నది. అచ్చును చూడక ౘకారమును మొదట వేరుగా పలికి, పిదప 'యె' చేర్చి అభ్యసించుట దీనికి మందు.

ఇక తాలవ్య చకారము. ఇటాలియనులో 'సి' అక్షరము ఇ, ఎ ల ముందు చకారముగను, తక్కిన అచ్చుల ముందు కకారముగను పలుకును. లాటినున 'కెంతుం' అయినది ఇటాలియనున 'చెంతొ' (నూరు). ఇట్టి మార్పే మన భాషాకుటుంబమునను జరిగినది: కన్నడమున 'కివి', 'కెరె' అని నిలిచినవి తెలుగున 'చెవి', 'చెరువు' అయినవి. ఇ, ఎ ల ముందు కకారమునే పలుకవలసివచ్చినపుడు ఇటాలియనువారు 'సి' ప్రక్క 'హెచ్' చేర్చుదురు. ఆంగ్లపు అలవాటున్న కన్ను దానిని చకారముగా చదువును, ఇది తప్పు. 'కి' అనగా ఎవరు. 'కె' అనగా ఏమి. అంగడి తలుపుమీద కనబడు 'కియూసొ' అనగా మూసియున్నది.

రెండు ధ్వనులకు మన లిపి పూర్తిగా చాలదు. 'బఞ్ఞొ' (స్నానపుగది, మరుగుదొడ్డి) అను మాటలోని ఞకారము మన అక్షరమాలలో కలదుగాని నోట లేదు. మలయాళీలకు మాత్రము అది నిత్యవ్యవహారము. 'బిల్ల్యెత్తొ'లో 'ల్ల్యె' అని వ్రాసినది నిజముగా ఒకే తాలవ్య లకారము. నాలుక నడుమభాగము అంగిటిని తాకవలెను. ఈ రెండింటిని చెవితో విని నేర్చుకొనవలెను.

4. సంధి

పుస్తకములో విడివిడిగా నేర్చిన మాటలు వీధిలో కలసి వినబడును. ఇందును తెలుగు వ్యాకరణము వచ్చినవానికి ఆశ్చర్యము లేదు. 'రాముడు ఎక్కడ' అనునది 'రాముడెక్కడ' అయినట్లు, 'దోవె' (ఎక్కడ), 'ఎ’' (ఉన్నది) అను రెండును కలసి 'దొవె’' అగును. 'చి'యు 'ఎ’'యు కలసి 'చె’' (కలదు) అగును. 'ల అక్క్వ' కలసి 'లక్క్వ' (నీరు) అగును. అన్నిట పూర్వపదపు అచ్చు పోయి పరపదపు అచ్చు నిలుచును.

దీనికంటె విశేషమైనది ద్విత్వసంధి. బాలవ్యాకరణము చెప్పు త్రికసంధిలో 'ఆ కాలము' 'అక్కాలము' అగును. పరపదపు తొలిహల్లు ద్విత్వమునొంది, పూర్వపుటచ్చు హ్రస్వమగును. ఇటాలియనులో 'అ' (కు), 'ఎ' (మరియు) మొదలగు ఏకాక్షరముల తరువాత ఇట్లే జరుగును: 'అ కాస' అని వ్రాసి 'అక్కాస' (ఇంటికి) అని పలుకుదురు. కారణము వేరు, లాటినులోని 'అద్', 'ఎత్' అను పదముల తుదిహల్లు తరువాతి హల్లులో లీనమైనది. ఈ ఉచ్చారణ తొస్కాన, రోము, దక్షిణ ప్రాంతములలో వినబడును, ఉత్తరమున వినబడదు. కొన్ని పదములలో ఇది వ్రాతలోనికిని ఎక్కినది. వీడ్కోలు మాటయైన 'అర్రివెదెర్చి' నిజమునకు 'అ రివెదెర్చి'. మరల చూచుకొను వరకు అని భావము. 'వెళ్ళివత్తును' అనుటకు అలవాటుపడిన మనకు ఈ భావము పరిచితమే.

5. గౌరవము చివరి అచ్చులో నుండును

ఉచ్చారణ ఎంత శుద్ధమైనను, ఎవరితో ఎట్లు మాటలాడవలెనో తెలియనిచో వాక్యము చెడును. ఇటాలియనున 'తు' అనగా నీవు. గౌరవవాచకము 'లేయి', దీనికి 'ఆమె' అనియు అర్థము. క్రియయు ప్రథమపురుషైకవచనమే. పురుషుని సంబోధించినను ఇంతే. 'ప్రభుత' అను అర్థముగల స్త్రీలింగపదముతో పెద్దలను పిలిచిన ఆచారము నుండి ఇది ఏర్పడినది. మనము 'ఏలినవారు', 'దేవరవారు' అని ప్రథమపురుషలో పలికినట్టిదే. తెలుగు 'తమరు', హిందీ 'ఆప్' ఆత్మార్థక సర్వనామములనుండి వచ్చినవి; 'మీరు' బహువచనమునుండి వచ్చినది. బహువచనముతో గౌరవము చూపు 'వోయి' ఇటలీ దక్షిణమున నేటికిని వినబడును. 1938లో ఫాసిస్టు ప్రభుత్వము 'లేయి'ని తొలగించి 'వోయి'ని విధింప యత్నించెను. ఆ ప్రభుత్వముతో ఆ యత్నము కూడ అంతరించెను.

తెలుగువాని మనస్సు ఇక్కడ కొంత తడబడును. మన భాషలో స్త్రీని 'అది' యనుట అగౌరవములలో అగౌరవము. ఇటాలియనులో స్త్రీలింగైకవచనమే గౌరవమునకు పరాకాష్ఠ. మన వాడుకను అక్కడికి తరలించి, గౌరవము కొరకు బహువచనమును వెదకరాదు.

అంతకంటె సూక్ష్మమైనది విధిరూపముల విషయము. మనము 'వినుము', 'వినుడు' అని ప్రత్యయము మార్చుదుము. ఇటాలియనులో ఒక్క అచ్చు మారును. 'క్షమింపుము' అనుటకు చిన్నవారితో, స్నేహితులతో 'స్కూస'; అపరిచితులతో 'స్కూసి'. ఇకారము గౌరవసూచకమని నిశ్చయించుకొనరాదు. 'వినుము' అనునపుడు చనువుగా 'సెంతి', గౌరవముగా 'సెంత'. క్రియాగణము మారగానే అచ్చులు తారుమారగును. కావున చివరి అచ్చును మ్రింగివేయువాడు ఉచ్చారణదోషమును మాత్రమే చేయుటలేదు. ఎదుటివానిని నీవనెనో మీరనెనో తెలియనీయకున్నాడు.

పలుకరింపులలోను ఈ వివేకము కావలెను. 'చావొ' అను మాట లోకమంతట వ్యాపించినది. వెనిస్ మాండలికమున 'మీ దాసుడను' అను అర్థమునుండి పుట్టినది. మన 'దాసోహము'నకు సహోదరమువంటిది. కాని నేడు అది చనువుగలవారి మధ్యనే చెల్లును. అధికారితోను, అంగడివానితోను, వృద్ధులతోను 'బ్వొన్‌జొర్నొ' (శుభదినము) అనవలెను. ప్రొద్దు వాలిన పిదప 'బ్వొనసేర'. 'బ్వొననొత్తె' రాత్రి సెలవు తీసికొనునపుడే. 'ప్రేగొ' అనగా మూలార్థమున 'ప్రార్థించుచున్నాను'. కృతజ్ఞతకు ప్రత్యుత్తరముగను, 'దయచేయుడు' అను అర్థమునను, 'చెప్పుడు' అను అర్థమునను వాడబడును. ఒకరి ఇంట అడుగుపెట్టునపుడును, గుంపులో దారి కోరునపుడును 'పెర్మెస్సొ' అనవలెను.

6. వాక్యనిర్మాణము

ఆంగ్లమున 'నేను' కర్తయైనచోట తెలుగున 'నాకు' అనుట పరిపాటి. ఇటాలియనులో 'మి పియాచె' అనగా అక్షరశః 'నాకు నచ్చును'. నచ్చిన వస్తువులు పెక్కులైనచో క్రియ వస్తువును అనుసరించి 'మి పియచ్చొనొ' అగును. 'నాకు పండ్లు నచ్చినవి' అనునపుడు మన క్రియ పండ్లను అనుసరించినట్లే. భారతీయభాషలు చాలవరకు ఇందు ఒక్కటే త్రోవ. ఆంగ్లము మీదుగా వచ్చువాడు మొదట 'నాకు'ను 'నేను'గా మార్చి, పిదప మరల 'నాకు'గా మార్చవలసియుండును.

ఆకలి దప్పులలో మాత్రము త్రోవలు వేరగును. మనము 'నాకు దాహము' అందుము; వారు 'ఒ సేతె', అనగా దాహమును కలిగియున్నాను అందురు. వక్తయొక్క లింగము విషయమునను తెలుగువారు జాగ్రత్తపడవలెను. 'నేను శాకాహారిని' అని పురుషుడు 'సోనొ వెజెతరియానొ' అనును. స్త్రీ 'సోనొ వెజెతరియాన' అనవలెను. హిందీ వచ్చినవారికి ఇది వింత కాదు. తెలుగు ఉత్తమపురుషలో లింగభేదము లేదు గనుక మన స్త్రీలు పుస్తకములోని పురుషవాక్యమును అట్లే వల్లించు ప్రమాదము కలదు. తెలుగులో వ్రాయబడు సంభాషణ పుస్తకము రెండు రూపములను పక్కపక్కన చూపవలెను.

ఆహార విషయమున శాకాహారి నని చెప్పినంతమాత్రమున చాలకపోవచ్చును. 'సెంౘ కర్నె, సెంౘ పెషె, సెంౘ బ్రోదొ ది కర్నె' (మాంసము లేక, చేప లేక, మాంసరసము లేక) అని విప్పి చెప్పుట మేలు. పర్మిజానొ అను ప్రసిద్ధమైన జున్ను దూడకడుపునుండి తీసిన తోడుతో చేయబడునని నిష్ఠగలవారు తెలిసికొనవలెను. 'లత్తె' అనగా పాలు మాత్రమే, కాఫీ రాదు. 'పెపెరోని' అనగా బుట్టమిరపకాయలు.

7. ఏమి నేర్చుకొనవలెను

వాక్యములను విడివిడిగా వల్లించుటకంటె, ఒక చట్రమును నేర్చి అందు మాటలను మార్చుట మంచిది. నాలుగు చట్రములు ప్రధానములు: 'వొర్రెయి...' (నాకు ... కావలెను, మర్యాదగా), 'దొవె’...' (... ఎక్కడ), 'చె’...' (... ఉన్నదా), 'క్వంతొ కొస్త...' (... వెల ఎంత). చివర 'పెర్ ఫవోరె' (దయచేసి) చేర్చవలెను.

ప్రశ్న నేర్చినవాడు జవాబును వినుట కూడ నేర్వవలెను. దారి అడిగినవానికి వచ్చు జవాబు దీర్ఘముగా నుండును. అందు 'దెస్త్ర' (కుడి), 'సినిస్త్ర' (ఎడమ), 'ద్రిత్తొ' (తిన్నగా) అను మూడింటిని పట్టుకొనవలెను. 'దెస్త్ర' మన దక్షిణశబ్దమునకు జ్ఞాతి. అవును కాదు అని జవాబు వచ్చు ప్రశ్నలను అడుగుట ఇంకను క్షేమము. 'నాపొలికి పోవు రైలు ఎక్కడ' అనుటకంటె, ఎదుటనున్న రైలును చూపి 'ఎ’ క్వెస్తొ ఇల్ త్రేనొ పెర్ నాపొలి' (నాపొలికి పోవు రైలు ఇదియేనా) అని అడిగినచో 'సి’' యనో 'నొ' యనో జవాబు వచ్చును. స్టేషనులో 'బినారియొ' (రైలు నిలుచు పట్టాల వరుస), 'రితర్దొ' (ఆలస్యము), 'ఉష్షీత' (బయటికి దారి), 'షోపెరొ' (సమ్మె) అను నాలుగు మాటలను గుర్తింపగలిగిన చాలును. సంఖ్యలు పదివరకు తప్పనిసరి: ఊనొ, దూయె, త్రె, క్వత్త్రొ, చింక్వె, సేయి, సెత్తె, ఒత్తొ, నోవె, దియేచి. వీనిలో సగము సంస్కృతము తెలిసినవానికి చుట్టములే.

అన్నింటికంటె ముందు నేర్వవలసినవి మూడు. 'నొన్ ఒ కపీతొ' (నాకు అర్థము కాలేదు). 'పియు’ పియానొ, పెర్ ఫవోరె' (కొంచెము మెల్లగా, దయచేసి). 'ప్వొ’ రిపేతెరె' (మరల చెప్పగలరా). మొదటి వాక్యము పర్యాటకునకు సౌకర్యము, శ్రామికునకు హక్కు. ఆపదలో 'అయూతొ' (రక్షింపుడు) అని కేకవేయవలెను. 112 అను సంఖ్యకు టెలిఫోను చేయవలెను.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి భారతీయభాషలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క బలము కలదని తేలుచున్నది. తెలుగునకు హ్రస్వ ఎకార ఒకారములు, దంత్య ౘ ౙ లు, ద్విత్వసంధి కలవు; పంజాబీకి ప్రాకృతద్విత్వము కలదు; మలయాళమునకు ఞకారము కలదు; హిందీకి ఉత్తమపురుషలో లింగభేదము కలదు. తమిళలిపిలో క గ లకు, త ద లకు భేదము లేకుండుట ఆ భాషీయులకు ఒక లోపము. బలమును బట్టి, లోపమును బట్టి ఒక్కొక్క భాషకు ప్రత్యేకముగా చిన్న సంభాషణ పుస్తకములు వ్రాయదగును. అందులకు గొప్ప ధనము అక్కరలేదు. ఇటాలియను ధ్వనులను శ్రద్ధగా విన్న ఒక్కొక్క అధ్యాపకుడు చాలును. అట్టి పుస్తకము విమానమెక్కు పండితునికంటె, పో మైదానపు పాడిశాలలో తెల్లవారుజామున పనిలో చేరు యువకునికి ఎక్కువ ఉపకరించును. భారతీయభాషాశాఖలు ఈ పనిని చేపట్టుట ఉచితమని నా మనవి.